వేసవి భాషాధ్యయనం – వ్యయభారం ఎవరిది?

వరతంతు శిష్యుడైన కౌత్సుడు చతుర్దశ విద్యలు నేర్చి, గురుదక్షిణ నిమిత్తం రఘుమహారాజును ఆశ్రయించిన వృత్తాంతం రఘువంశ పంచమసర్గలో ఉన్నది. ప్రాచ్యకళాశాలల్లో ఈ ఘట్టాన్ని దాత ఔదార్యానికీ, అర్థి నిస్పృహత్వానికీ నిదర్శనంగా బోధిస్తారు. అది సముచితమే. అయితే అదే ఘట్టంలో విద్యావ్యయానికి సంబంధించిన ఒక ఏర్పాటు కూడ స్పష్టంగా ఉన్నది. బోధనలో దానిపై దృష్టి అంతగా నిలవదు. విద్య నేర్పేటప్పుడు వరతంతువు ఏమీ పుచ్చుకోలేదు. విద్య ముగిసిన తరువాత కూడ చేసిన శుశ్రూషయే చాలునన్నాడు. శిష్యుడు విడువక నిర్బంధించగా కోపించి, విద్యకు ఒక కోటి చొప్పున పదునాలుగు కోట్లు తెమ్మన్నాడు. ఆ ధనం కౌత్సుడు ఆర్జించినది కాదు, రాజు సమకూర్చినది. రాజు రాశినంతటినీ ఇవ్వబోగా, గురువుకు చెల్లవలసినదానికి మించి శిష్యుడు ఒక్క నాణెమైనా గ్రహించలేదు. చెల్లింపు విద్యాసమాప్తిలో జరిగినది. చెల్లించినవాడు మూడవ వ్యక్తి. చెల్లించినందుకు అతడు గురువును గాని, పాఠ్యాన్ని గాని శాసించలేదు.

నేటి విశ్వవిద్యాలయాలు, విద్యాసంస్థలు నిర్వహించే వేసవి భాషాధ్యయన శిబిరాల్లో ఈ క్రమం తలక్రిందులైనది. ముందుగా రుసుము, ఆ పైని ప్రవేశం, దాని వెనుక అక్షరం. వసతికి, భోజనానికి, ప్రయాణానికి అయ్యే ఖర్చు వేరు. సంస్కృతమైనా, ప్రాచీనాంధ్ర సాహిత్యమైనా, తాళపత్రలిపి పఠనమైనా, ఆరేడు వారాలు ఏకాగ్రతతో అభ్యసిస్తే విద్యార్థికి రెండు సంవత్సరాల తరగతి పాఠాల్లో దొరకని పట్టు దొరుకుతుంది. దాని ప్రయోజనాన్ని శంకించవలసిన పని లేదు. శంకింపదగినది దాని ఖర్చును మోపుతున్న భుజం. దోమకొండ వంటి ఊరినుండి వచ్చే విద్యార్థిని దృష్టిలో ఉంచుకొని ఈ ప్రశ్నను పరిశీలిస్తే తప్ప దాని అసలు రూపం కనబడదు.

వేసవిలో భాషాశాస్త్రం చదవడం విదేశాలనుండి దిగుమతి అయిన పద్ధతి అన్న అభిప్రాయం కొందరిలో ఉన్నది. అది నిజం కాదు. శ్రావణంలోనో భాద్రపదంలోనో ఉపాకర్మతో ఆరంభమైన వేదాధ్యయనం నాలుగున్నర నెలలు సాగి, ఉత్సర్జనతో విరమిస్తుంది. ఆ తరువాత శుక్లపక్షాల్లో వేదాన్ని, కృష్ణపక్షాల్లో వేదాంగాలను చదవవలెనని మనుస్మృతి విధించినది. మరల ఉపాకర్మ వచ్చేదాక గడిచే ఆ నెలల్లోనే చైత్ర వైశాఖ జ్యేష్ఠాలు ఉన్నవి. వ్యాకరణం వేదాంగం గనుక, వేసవి కృష్ణపక్షాలు శాస్త్రోక్తంగా వ్యాకరణానికి చెందినవే. జూన్ నెలలో తెలుగు ధాతువులను, సంస్కృత విభక్తులను వల్లించే విదేశీ విద్యార్థి తనకు తెలియకుండానే ధర్మశాస్త్ర మర్యాదను పాటిస్తున్నాడు, కనీసం నెలకు ఒక పక్షం.

రుసుము విషయంలో కూడ ధర్మశాస్త్రం మౌనంగా లేదు. స్నాతకుడు కాకమునుపు శిష్యుడు గురువుకు ఏమీ ఇవ్వనక్కరలేదనీ, సమావర్తన సమయంలో గురువు ఆజ్ఞ పొంది యథాశక్తిగా సమర్పించవలెననీ మనువు చెప్పినాడు. వేతనం కోసం చదువు చెప్పేవానినీ, వేతనమిచ్చి చదువుకొనేవానినీ, ఇద్దరినీ శ్రాద్ధపంక్తికి దూరం చేసినాడు. విద్యను కేవలం బ్రతుకుతెరువుగా వాడుకొనేవాడు జ్ఞానమనే సరకును అమ్ముకొనే వర్తకుడని మాళవికాగ్నిమిత్రంలో కాళిదాసు ఒక నాట్యాచార్యుని చేత పలికించినాడు. అయితే ఆ ఆచార్యుడు రాజాస్థానంలో వృత్తి పొందుతున్నవాడేనని విస్మరించరాదు. పొట్ట నిండినవాడు వర్తకుని నిందించడం తేలిక.

పూర్వపు విద్య ఉచితమన్న మాటను గూర్చి మరొక నిజం చెప్పక తప్పదు. అది ఉచితమే, కాని కొందరికే ఉచితం. ఆ కొందరు ఎవరన్నది పుట్టుక నిర్ణయించినది. స్త్రీలకు, బహుసంఖ్యాక వర్ణాలకు ఆ ద్వారం తెరువబడలేదు. పాఠశాలా సంప్రదాయాన్ని గౌరవించేవారు ఈ సంగతిని దాటవేస్తే ఆ గౌరవానికి విలువ ఉండదు. నేడు ప్రాచ్యకళాశాలల్లో సంస్కృతాంధ్రాలు చదివే విద్యార్థినీ విద్యార్థుల్లో అధికసంఖ్యాకులు పూర్వం ఆ ద్వారం దాటలేనివారి సంతతి. రాజ్యాంగం తెరిచిన తలుపుకు రుసుము అనే గడియ వేయడం, ఒకనాడు పుట్టుక చేసిన పనినే మరొక పేరుతో కొనసాగించడం అవుతుంది.

ఆంధ్రదేశంలో విద్యావ్యయాన్ని వహించిన వ్యవస్థలకు ప్రమాణాలు కొరతగా లేవు. 1261వ సంవత్సరపు మల్కాపుర శాసనం వాటిలో అగ్రగణ్యం. కాకతి గణపతిదేవుడు వాగ్దానం చేయగా రుద్రమదేవి ఇచ్చిన మందడం గ్రామాన్ని ఆధారంగా చేసుకొని విశ్వేశ్వర శివాచార్యుడు అక్కడ నెలకొల్పిన ఏర్పాట్లను ఆ శాసనం వివరిస్తుంది. మూడు వేదాలకు ముగ్గురు, పదవాక్యప్రమాణ సాహిత్యాగమాలకు ఐదుగురు అధ్యాపకులు, వారికి భూవృత్తులు. విద్యార్థులకు మఠంలో భోజనం. దానితోపాటు ప్రసూతిశాల, ఆరోగ్యశాల, బ్రాహ్మణులు మొదలు చండాలుర వరకు అందరికీ అన్నం పెట్టే సత్రం. అధ్యాపకునికి జీవిక, విద్యార్థికి గ్రాసం, రెంటికీ ఆధారంగా ఏటేటా ఫలించే భూమి: ఇంతటి స్పష్టత నేటి విశ్వవిద్యాలయాల ఆదాయవ్యయ పత్రాల్లో అరుదు. దాతలు గతించినా భూమి పండుతూ ఉంటుంది గనుక విద్య ఎవరి ఏటేటి దయపైనా ఆధారపడలేదు.

కంపెనీ ప్రభుత్వం కూడ భాషాధ్యయనానికి విద్యార్థిచేత మూల్యం కట్టించలేదు. 1812లో మద్రాసులో స్థాపించిన ఫోర్ట్ సెంట్ జార్జి కళాశాలలో యువ సివిలు ఉద్యోగులు జీతం పుచ్చుకుంటూ తెలుగు, తమిళాదులు నేర్చినారు. వారికి నేర్పిన పండితులకు వేతనాలుండేవి. వేదం పట్టాభిరామశాస్త్రి వంటి విద్వాంసులు అక్కడ పనిచేసినారు; కాంబెల్ తెలుగు వ్యాకరణం, దానికి ఎల్లిస్ వ్రాసిన ప్రసిద్ధమైన పీఠిక 1816లో వెలువడినవి ఆ వాతావరణంలోనే. 1817లో మద్రాసుకు వచ్చిన బ్రౌను ఆ కళాశాల విద్యార్థియే. తరువాత అతడు కడపలో బంగళా కొని, పండితులను చేరదీసి, వారికి స్వంతధనంతో జీతాలిచ్చి ప్రతులు వ్రాయించి పరిష్కరింపజేసిన సంగతి సర్వవిదితం. కంపెనీ ఉద్దేశం పన్ను వసూలు, న్యాయవిచారణ. ఉద్దేశం ఏదైనా, భాష నేర్చుకొనేవాని కాలానికి వెల కట్టి ఇవ్వవలెనన్న గ్రహింపు ఆ వర్తకసంఘానికి ఉన్నది. ఆ గ్రహింపు నేటి విద్యాసంస్థలకు లేకపోవడం వింత.

అమెరికా దేశపు ఉదాహరణ ఇంకను బోధప్రదం. 1957లో రష్యా కృత్రిమోపగ్రహాన్ని ప్రయోగించిన మరుసటి సంవత్సరం, 1958లో, ఆ దేశం జాతీయరక్షణ విద్యాచట్టాన్ని చేసి, దానిలోని ఆరవ విభాగం ద్వారా విదేశీభాషలు చదివేవారికి వేతనాలు ఏర్పరచినది. 1961లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ ఏర్పడినది. ఆ సంస్థ పుణేలో సంస్కృతానికి, హైదరాబాదులో తెలుగుకు వేసవి తరగతులు నడుపుతూ వచ్చినది. రుసుము వేల డాలర్లలో ఉంటుంది. కాని అక్కడినుండి వచ్చే విద్యార్థులలో పెక్కుమంది దానిని చెల్లించినది ఆ చట్టం ఇచ్చిన వేతనంతోనో, తమ విశ్వవిద్యాలయపు ధనసహాయంతోనో. తొలి దశాబ్దాలలో ఇటువంటి కార్యక్రమాలకు ఆధారం మరొకటి కూడ ఉన్నది. 1954లో చేసిన 480వ నంబరు చట్టం క్రింద భారతదేశానికి అమ్మిన గోధుమలకు ఈ దేశం రూపాయలలో చెల్లించిన మూల్యం ఇక్కడే నిలువ ఉండగా, దానిలో కొంత అమెరికన్ల భారతీయ విద్యాధ్యయనానికి వినియోగమైనది. అక్కడి గ్రంథాలయాల్లోకి 1962 నుండి తెలుగు పుస్తకాలు వేలకొలదిగా చేరినది కూడ ఆ ధనంతోనే. అంటే విదేశీయుల తెలుగు చదువుకు కరవుకాలపు భారతీయుని రొట్టె కొంత సాయపడినది. ఇది నింద కాదు. దాని ఫలం ఉత్తమమైన అనువాదాలుగా, పరిశోధనలుగా తెలుగుకే తిరిగి వచ్చినది. కాని ఆ రూపాయలలో ఒక భాగం ఈ నేలపైని విద్యార్థుల వేసవి చదువుకు కూడ కేటాయింపబడి ఉంటే బాగుండెడిదన్న తలపు రాకపోదు.

ప్రభుత్వధనానికి ఉన్న దౌర్బల్యం కూడ అక్కడే బయటపడినది. ఆరవ విభాగపు భాషావేతనాల నిధులను 2025లో అమెరికా విద్యాశాఖ నిలిపివేసినది. ఆరు దశాబ్దాలకు పైబడిన ఏర్పాటు ఒక్క పాలననిర్ణయంతో ఆగిపోయినది. ఆ దేశపు తెలుగువారు మాత్రం వేరొక మార్గాన్ని ముందే పట్టినారు. అట్లాంటాలోని ఎమొరీ విశ్వవిద్యాలయంలో తెలుగు సాహిత్య సంస్కృతుల ఆచార్యపీఠం కొప్పాక కుటుంబపు మూలధనంపై నిలిచినది. మూలధనాన్ని కదల్చక, దాని వడ్డీతో విద్యను పోషించడం మందడం పద్ధతికి దగ్గరి చుట్టమే.

ఇప్పుడు దోమకొండ సంగతి. 2016లో నిజామాబాదు నుండి వేరుపడిన కామారెడ్డి జిల్లాలోని ఈ ఊరు నిజాం రాజ్యంలోని సంస్థానాలలో ఒకదానికి కేంద్రం. సంస్థానాధీశులైన కామినేని వంశంవారి పూర్వస్థానం బిక్కనవోలు, అనగా నేటి భిక్కనూరు. ఆ వంశపు మల్లారెడ్డి షట్చక్రవర్తి చరిత్రము, శివధర్మోత్తరము, పద్మపురాణము రచించిన కవి. హరిశ్చంద్ర నల పురుకుత్స పురూరవ సగర కార్తవీర్యుల కథలను ఒక ప్రబంధంగా కూర్చిన ఆయన పేరు సాహిత్యచరిత్ర పరీక్షల్లో ఒక మార్కు ప్రశ్నగా మాత్రం మిగిలినది. ఆ కావ్యాన్ని ఆద్యంతం చదివి అన్వయించగల యువకులు ఆ జిల్లాలోనే ఎందరున్నారన్నది అడిగి చూడదగిన ప్రశ్న.

దోమకొండ కోటను ఆ వంశీయులే స్వంతధనంతో, నిపుణుల పర్యవేక్షణలో ఉద్ధరించినారు. ఆ కృషికి 2022లో యునెస్కో వారి ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాలలో ప్రతిభా పురస్కారం లభించినది. అడ్డాలు, మహాదేవాలయం, మహలు సున్నపు పూతతో మరల తేటపడినవి. ఇది శ్లాఘనీయం. అయితే కోట గోడకు సున్నం ఎంత అవసరమో, ఆ గోడల నడుమ ఒకప్పుడు చదివిన పద్యానికి పాఠకుడు అంత అవసరం. 1949లో జాగీర్ల రద్దుతో సంస్థానాల వార్షికాలు, పండితసత్కారాలు ఆగిపోయినవి. రద్దు న్యాయమైనదే, రైతుల వెట్టిపై నిలిచిన పోషణకు వగచవలసిన పని లేదు. కాని విద్వద్వృత్తులకు బదులుగా మరొక ఏర్పాటు ఏదీ గ్రామాలలో వేరూనలేదు. రాళ్లకు దాతలు దొరికినట్లు శబ్దాలకు దొరకలేదు.

ఈ ప్రాంతపు విద్యార్థి హైదరాబాదులో జరిగే ఒక వేసవి శిబిరానికి వెళ్లదలచినాడనుకోవలె. దూరం సుమారు 100 కిలోమీటర్లే. నిర్వాహకులు దయదలచి రుసుము పూర్తిగా మాఫీ చేసినారనీ అనుకోవలె. అప్పటికీ అతడు వెళ్లలేకపోవచ్చును. ఏప్రిల్, మే నెలలు యాసంగి వరికోతల కాలం. ఎల్లారెడ్డి వైపు అడవుల్లో తునికాకు సేకరణ కాలం. ఇంటి ఆడవారు బీడీలు చుట్టి, వెయ్యింటి లెక్కన కూలి తెచ్చుకొనే కుటుంబాలు ఈ జిల్లాలో విస్తారం. సెలవులకు ఇంటికి వచ్చిన కూతురు చేయి కూడ ఆ లెక్కలో చేరుతుంది. 2025–26 సంవత్సరానికి తెలంగాణలో ఉపాధిహామీ దినకూలి 307 రూపాయలు. 40 రోజుల శిబిరమంటే 12,280 రూపాయల కూలి వదులుకోవడం. ప్రకటనపత్రంలో ముద్రింపబడని ఈ మొత్తమే అసలు రుసుము. దీనిని మాఫీ చేసే అధికారం ఏ నిర్వాహకునికీ లేదు. భర్తీ చేయగల సామర్థ్యం మాత్రం ఉండవచ్చును. ఉచితప్రవేశమని ప్రకటించి, తరువాత గ్రామీణ విద్యార్థులు ఆసక్తి చూపలేదని నివేదికలో వ్రాయడం ప్రతి సంవత్సరం జరిగే తంతు.

అట్లయితే ఏమి చేయవలె? భిక్కనూరులోనే తెలంగాణ విశ్వవిద్యాలయపు దక్షిణప్రాంగణం ఉన్నది. వేసవి సెలవుల్లో ఏ విశ్వవిద్యాలయంలోనైనా వసతిగృహాలు సాధారణంగా ఖాళీగా ఉంటవి. శిబిరాన్ని నగరంలో పెట్టి గ్రామాన్ని రమ్మనడానికి బదులు, మల్లారెడ్డి రాజధానిలోనే పెట్టి దోమకొండ కోటను దానికి క్షేత్రంగా చేసుకోవచ్చును. లెక్క కూడ భయపెట్టేది కాదు. 30 మంది విద్యార్థులు, 40 రోజులు; భోజనానికి రోజుకు 150 రూపాయల చొప్పున 1,80,000. దినకూలికి సమానమైన వేతనం విద్యార్థికి 12,280 చొప్పున 3,68,400. నలుగురు అధ్యాపకులకు 50,000 చొప్పున 2,00,000. ప్రతుల ముద్రణకు, రాకపోకలకు మిగిలినది కలిపితే మొత్తం 8 లక్షల లోపు. నూటికి ఆరున్నర వడ్డీపై ఒక కోటి పాతిక లక్షల మూలధనం ఏటా 8,12,500 ఇస్తుంది. ఒక కల్యాణమండపానికి, ఒక ముఖద్వారానికి అంతకు మించి చందాలు పోగైన ఊళ్లు తెలుగునాట అనేకం.

ఉచితంగా వచ్చినదానికి విలువ ఉండదనీ, కొంతైనా కట్టిస్తేనే విద్యార్థి శ్రద్ధగా వస్తాడనీ కొందరు అధ్యాపకుల వాదం. ఇది ధనవంతుని అనుభవంనుండి పుట్టిన సూత్రం. కూలి వదులుకొని వచ్చినవాడు అప్పటికే చెల్లించినాడు. శ్రద్ధను పరీక్షించదలిస్తే పరీక్షించడానికి శబ్దమంజరి ఉన్నది, ఛందస్సు ఉన్నది. ప్రవేశానికి ముందు పది రూపాలు అడిగితే శ్రద్ధ తెలిసిపోతుంది. వేతనంలో సగం శిబిరం ఆరంభంలోను, సగం చివర పరీక్ష ముగిసిన తరువాతను ఇస్తే మధ్యలో జారుకొనేవారి బెడద కూడ తప్పుతుంది.

రెండవ వాదం దీనికి భిన్నమైనది, మరింత గట్టిది. విదేశీ విద్యార్థులు, ప్రవాసుల పిల్లలు చెల్లించగలరు గనుక వారివద్ద అధికంగా పుచ్చుకొని, స్థానికులను ఆ మిగులుతో పోషించవచ్చునని. చెల్లించగలవారు చెల్లించడం న్యాయమే. అయితే శిబిరం వారి రుసుముపైనే నిలిస్తే పాఠ్యం వారివైపు ఒరుగుతుంది. ప్రవాసుల బిడ్డకు కావలసినది అమ్మమ్మతో మాట్లాడగల తెలుగు. విదేశీ పరిశోధకునికి కావలసినది తన ప్రబంధానికి పనికివచ్చే పఠనశక్తి. దోమకొండ విద్యార్థికి తెలుగు మాట్లాడడం నేర్పనక్కరలేదు. అతనికి కావలసినవి అన్వయక్రమం, సమాసజ్ఞానం, లిపిపరిచయం, వ్యాఖ్యాన పద్ధతి. ఈ మూడు అవసరాలను ఒకే గదిలో కూర్చోబెడితే రుసుము కట్టినవాని అవసరమే గెలుస్తుంది. అందుచేత వారి రుసుము మూలధనానికి చేరవలెనే గాని, ఆ సంవత్సరపు బోధనను నడిపేదిగా ఉండరాదు.

అధ్యాపకుల మాట మిగిలినది. సంస్కృతభారతి 1981 నుండి నడుపుతున్న పది రోజుల సంభాషణ శిబిరాలలో బోధకులు స్వచ్ఛందంగా పనిచేస్తారు. వాటివల్ల వేలమందికి సంస్కృతభయం తీరినది. కాని పది రోజులకు తగిన త్యాగాన్ని 40 రోజుల శాస్త్రపాఠానికి కోరడం తగదు. వేతనం పుచ్చుకోవడం పండితునికి అగౌరవమన్న సంకోచం పాఠశాలా సంప్రదాయంలో పెరిగినవారిలో ఇంకా కనబడుతుంది. ఆ సంకోచాన్ని ఆసరాగా తీసుకొని, శాలువ కప్పి, ప్రయాణపు ఖర్చు కూడ ఇవ్వకుండ పంపిన సభలు లేకపోలేదు. మందడంలోని అధ్యాపకులు వృత్తి పొందినారు, వారి విద్యకు లోపం రాలేదు. పాఠం చెప్పినవానికి ఇవ్వవలసినది లెక్కప్రకారం, నిర్ణీతదినాన, వ్రాతపూర్వకంగా ఇవ్వవలె.

దాత పాత్రను గూర్చి కూడ ముందుగానే కట్టడి అవసరం. పేరు ఫలకంపై ఉండవచ్చును. పాఠ్యనిర్ణయ సంఘంలో ఉండరాదు. ఏ గ్రంథం చదవవలెను, ఎవరిని చేర్చుకోవలెను, ఎవరు బోధించవలెను అన్నవి విద్వాంసుల చేతిలోనే నిలువవలె. సంస్థానాల కాలంలో ఆశ్రితకవులు ప్రభువుల వంశావళులకు ఎన్ని ఆశ్వాసాలు వెచ్చించినారో సాహిత్యచరిత్ర చదివినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

రాబోయే వేసవికి ఇంకను వ్యవధి ఉన్నది. మూలధనం పోగయ్యేదాక ఆగకుండ, మొదటి సంవత్సరం పది మందితో, 20 రోజులతో ఆరంభించవచ్చును. పై లెక్కప్రకారమే ఒక్కొక్క విద్యార్థికి భోజనం, వేతనం కలిపి 9,140 రూపాయలు. పది మందికి 91,400. ఇద్దరు అధ్యాపకులకు సగం కాలానికి 50,000. ఒక ప్రాచ్యకళాశాల పూర్వవిద్యార్థుల సంఘం భరించలేని మొత్తం కాదు ఇది. పాఠ్యగ్రంథం షట్చక్రవర్తి చరిత్రములోని హరిశ్చంద్ర కథాభాగం. ఉదయం రెండు గంటలు పద్యాన్వయం, ఎండ ముదిరిన తరువాత వ్యాకరణం, సాయంకాలం కోటలో వాస్తుశిల్ప పరిచయం. విద్యార్థుల ఎంపికలో కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల ప్రభుత్వకళాశాలలకు సగం స్థానాలు, వాటిలో సగం బాలికలకు కేటాయించవలె. పాఠ్యప్రణాళిక, వ్యయపట్టిక సంక్రాంతిలోగా సిద్ధమైతేనే విశ్వవిద్యాలయం వసతిగృహాలకు అనుమతి ఇవ్వడానికి వీలవుతుంది. కోతలకు ఒప్పందాలు కుదుర్చుకోకముందే విద్యార్థి ఇంటికి వేతనం సంగతి తెలియవలె.